కంప్యూటరు జ్ఞాపకము, నిల్వ : వీని నెన్నుకొను విధము

పనిముట్టు కొనునపుడు పనిని జూచి కొనవలెనే గాని, పనిముట్టును గొని పిదప పనిని వెదకరాదు. కొడవలి చేయించుకొనబోవు రైతు తన చేను వరియో మొక్కజొన్నయో యెరిగియే కమ్మరి కొలిమికి పోవును. అయితే నేడు కంప్యూటరు కొనబోవు విద్యార్థులును, వారి తలిదండ్రులును ఈ చిన్న న్యాయమును మరచుచున్నారు. అంగడివాడు పెద్ద అంకెను చూపగా దానిని జూచి మురిసి సొమ్ము చెల్లించుచున్నారు. ఈ విషయమై మా అభిప్రాయమును ఈ సంచికాముఖమున విన్నవింపదలచితిమి.

ఇది స్వల్ప విషయమని కొందరు తలపవచ్చును. మేమట్లు తలపము. మన మల్లాపూరునుండియు, కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతములనుండియు పదవ తరగతి ముగించి పాలిటెక్నిక్కునకును, ఇంజనీరింగునకును, చిత్రలేఖన శిల్పములకును పోవు బాలబాలికలు ఏటేట పెరుగుచున్నారు. వారికి కావలసిన కంప్యూటరు సొమ్ము ఎక్కడనుండి వచ్చుచున్నది? దుబాయిలోనో మస్కటులోనో ఎండలో పనిచేయు తండ్రి పంపిన జీతమునుండి. తల్లి చుట్టిన బీడీల కూలినుండి. పసుపు పంటను అమ్మిన పైకమునుండి. అట్టి సొమ్ములో వేయి రూపాయలు వ్యర్థమైనను అది ఒక కుటుంబపు చెమట వ్యర్థమగుటయే. గోపురము కట్టదలచినవాడు ముందుగా ఖర్చు లెక్క చూచుకొనునని ప్రభువు చెప్పిన ఉపమానము మన బాలురకు కంఠస్థమే. దానిని అంగడిలో జ్ఞప్తికి తెచ్చుకొనుటయే కొరతగా నున్నది.

మా సిద్ధాంతమును ముందే చెప్పుదుము. మొదట చాలినంత ర్యామ్. తరువాత మంచి జాతి ఎస్.ఎస్.డి.; ఆ తరువాత పనిని భద్రపరచు రెండవ ప్రతి; ఇవి మూడును సమకూడిన పిమ్మటనే మిక్కుటమైన వేగము. ఈ వరుస తారుమారైనచో ఎంత ఖరీదైన కంప్యూటరైనను అక్కరకు రాదు.

ముందుగా మాటల గందరగోళమును తొలగింతము. సెల్‌ఫోను అంగళ్ల వాడుకలో నిల్వనే మెమరీ యనుచుండుటచే మన బాలురు రెంటిని ఒక్కటిగా భావించుచున్నారు. ర్యామ్ అనగా పని జరుగుచుండగా వస్తువులు పరచుకొను బల్ల. విద్యుత్తు పోయిన క్షణముననే అందున్న సర్వమును తుడిచికొని పోవును. ఎస్.ఎస్.డి. గాని హార్డు డిస్కు గాని నిల్వ. అది విద్యుత్తు లేకున్నను దాచియుంచును. సిరిసిల్ల నుదాహరణముగా గైకొందము. సాంచ యెంత వేగముగా నడిచినను, దారము చుట్టిన కండెలు చేతికందునంత దగ్గర సిద్ధముగా లేనిచో అది నిలిచిపోవును. ఇచ్చట సాంచ ప్రాసెసరు. ప్రక్కనున్న కండెల పెట్టె ర్యామ్. దారపు మూటలుండు గోదాము నిల్వ. గోదామెంత పెద్దదైనను, దానినుండి మూటలు ఎంత వేగముగా తెచ్చినను, పెట్టె మరీ చిన్నదైనచో నేతగాని కాలము నడకలకే చెల్లిపోవును.

నేతకును జ్ఞాపకమునకును గల సంబంధము కేవలము పోలిక కాదు. ఫ్రాన్సు దేశమున 1804 ప్రాంతమున జాకార్డు చేసిన మగ్గమున నమూనా యంతయు రంధ్రములు గల అట్టముక్కలపై దాచబడెను. ఆ అట్టముక్కలే తరువాత 1890లో అమెరికా జనాభా లెక్కలకును, పిమ్మట తొలి కంప్యూటర్లకును దారి చూపెను. 1956లో ఐ.బి.ఎం. సంస్థ వెలువరించిన మొదటి డిస్కు యంత్రమున 50 పళ్లెములుండియు సుమారు 50 లక్షల అక్షరములే పట్టెను. నేడు సెల్‌ఫోనుతో తీసిన ఒక మంచి ఛాయాచిత్రమునకు అంత చోటు కావలసియున్నది. ర్యామ్‌నందలి డైనమిక్ జ్ఞాపకమును ఐ.బి.ఎం. సంస్థయందే రాబర్టు డెన్నార్డు కనుగొనగా దానికి 1968లో పేటెంటు లభించెను. ఎస్.ఎస్.డి.కి మూలమైన నాండ్ ఫ్లాషును జపానునందు తోషీబా సంస్థలో పనిచేసిన ఫుజియో మసువొకా బృందము 1987లో లోకమునకు చూపెను. మన హైదరాబాదుకును ఈ చరిత్రలో పాలున్నది: 1967లో స్థాపింపబడిన ఈ.సి.ఐ.ఎల్. మన దేశపు తొలినాటి కంప్యూటర్లలో కొన్నింటిని నిర్మించినది; జ్ఞాపక చిప్పులు చేయు మైక్రాన్ సంస్థ 2019లో అచ్చటనే తన అభివృద్ధి కేంద్రమును తెరచినది. కావున ఇవి మనకు దూరపు విద్యలు కావు.

ర్యామ్‌కు మేము అగ్రస్థాన మెందుకిచ్చితిమో వివరింతుము. ర్యామ్‌నుండి ఒక అంశమును గైకొనుటకు సుమారు 100 నానోసెకన్లు పట్టును. మంచి ఎస్.ఎస్.డి.నుండి తెచ్చుటకు దానికి సుమారు వేయి రెట్లు, పాత హార్డు డిస్కునుండి తెచ్చుటకు సుమారు లక్ష రెట్లు పట్టును. మనుష్యుని కొలతకు మార్చి చూతము. ర్యామ్ పని ఒక సెకనులో ముగిసినచో, ఎస్.ఎస్.డి. పదునారు నిమిషములకు పైగా తీసికొనును. హార్డు డిస్కు ఒక పగలును ఒక రాత్రియు దాటించును. ర్యామ్‌లో చోటు చాలనపుడు కంప్యూటరు అందలి కొంత భాగమును నిల్వలోనికి నెట్టి, మరల కావలసినపుడు వెనుకకు లాగుకొనుచుండును. అనగా సెకను పనిని పదునారు నిమిషముల పనిగా మార్చుకొనుచుండును. ఎంత వేగవంతమైన ఎస్.ఎస్.డి. కొన్నను ర్యామ్ కొరత తీరదనుటకు ఇదియే కారణము.

అట్లని ర్యామ్ ఎంత యున్న అంత మేలనుటయు సత్యము కాదు. చాలినంత యుండిన చాలును. మిగిలినది ఖాళీగా పడియుండును. మా యెరుకలో, వ్రాతకును, లెక్కలకును, పాఠములు చూచుటకును 8 గిగాబైట్లు కనీసము. ప్రోగ్రాములు వ్రాయ నేర్చువారికిని సామాన్య విద్యార్థులకును 16 తగియుండును. పెద్ద ఛాయాచిత్రములు సవరించువారికి, చీరల నమూనాలు గీయువారికి, కట్టడముల పటములు వేయువారికి 32 ఉచితము. చలనచిత్రములు కూర్చుట, త్రిపరిమాణ బొమ్మలు నడిపించుట, ఒకే యంత్రముపై పలు యంత్రములను నడుపుట వంటి బరువైన పనులకు 64 గాని అంతకు మించి గాని కావలెను. అయితే మా అంకెలను గ్రుడ్డిగా నమ్మవలదు. మీరు చేయబోవు పనినే ఇప్పుడున్న యేదో యొక కంప్యూటరుపై, పాఠశాలదే కానిండు, అన్ని కిటికీలు తెరచి చేయుచు, విండోసులోని టాస్క్ మేనేజరును తెరచి చూడుడు. ర్యామ్ ఎంత వాడుకయగుచున్నదో అదియే చెప్పును. ఆ అంకెకు కొంత చేర్చి కొనుడు. అంగడివాని మాటకంటె ఇది మేలైన సాక్ష్యము.

కొనునపుడు గమనింపదగినవి మరికొన్ని గలవు. డి.డి.ఆర్. 4 స్టిక్కు డి.డి.ఆర్. 5 బోర్డులో పట్టదు. వాని గాట్లు వేరు. ఒక 32 స్టిక్కుకంటె రెండు 16 స్టిక్కులు జంటదారిలో నడచుటచే వేగము హెచ్చును. బోర్డుపై రెండే గుంటలున్నచో, రెంటిని చిన్నవానితో నింపిన పిదప పెంచుకొనవలెనన్న పాతవానిని తీసివేయవలసివచ్చును; దీనిని ముందే యోచింపవలెను. గుంటలు నాలుగున్నను, డి.డి.ఆర్. 5లో నాలుగును నింపినపుడు వేగము తగ్గుట తరచుగా జరుగును. కొన్ని లాప్‌టాపులలో ర్యామ్ బోర్డునకే అతికియుండును. అట్టివానిలో కొన్ననాటి కొలతయే చివరి కొలత.

ఇక తప్పులను దిద్దుకొను ఇ.సి.సి. ర్యామ్ అను నొకటి గలదు. ఒక బిట్టు తారుమారైనచో దానిని తానే సవరించుకొనుట దాని గుణము. గూగుల్ సంస్థ యంత్రములను పరిశీలించి టొరంటో విశ్వవిద్యాలయపు పండితులతో గూడి 2009లో ప్రకటించిన పరిశోధనయందు, ఒక సంవత్సరకాలములో నూటికి 8కి మించిన స్టిక్కులలో తప్పులు గనబడెనని తేలినది. సహకార సంఘపు లెక్కలు, ఆసుపత్రి చిట్టాలు, రాత్రింబగళ్లు నడచు సర్వరు మొదలగువానికి ఇ.సి.సి. అవశ్యకమని మా మతము. విద్యార్థి కంప్యూటరునకు అది నియమము కాదు. పైగా ప్రాసెసరును బోర్డును దానికి తగినవి కావలెను. డి.డి.ఆర్. 5 చిప్పులలోపల నున్న సవరణ ఏర్పాటు సంపూర్ణమైన ఇ.సి.సి. కాదని కూడ తెలిసికొనవలెను.

రెండవది నిల్వ. నిమిషమునకు 7,200 చుట్లు తిరుగు హార్డు డిస్కున, కోరిన చోటు సూది క్రిందికి వచ్చుటకే సగటున 4 మిల్లీసెకన్లకు పైగా పట్టును. తిరుగుడే లేని ఎస్.ఎస్.డి.లో ఆ నిరీక్షణమే లేదు. కావున పాత కంప్యూటరులో హార్డు డిస్కును తీసి ఎస్.ఎస్.డి. పెట్టిన దినమున కలుగు మార్పు కన్నులకు గట్టినట్లుండును. ఆపైన జరుగు మార్పులు అంతటివి కావు. సాటా రకము ఎస్.ఎస్.డి. సెకనునకు సుమారు 550 మెగాబైట్లు చదువును, ఎన్.వి.ఎం.ఇ. రకమున మూడవ తరమువి 3,500, నాలుగవ తరమువి 7,000, ఐదవ తరమువి 14,000 వరకును చదువును. అంకెలు రెట్టింపైనవి గదా యని సంతోషింపకుడు. కంప్యూటరు మేల్కొనుటయందును, ఒక కార్యక్రమము తెరచుకొనుటయందును మూడవ తరమునకును ఐదవ తరమునకును భేదము కంటికి లెక్కకు రానిది. గంటలకొలది పెద్ద చలనచిత్రముల ఫైళ్లను ఎత్తి దించువానికే ఆ భేదము కూలి గిట్టించును.

సాటాకును ఎన్.వి.ఎం.ఇ.కిని గల అసలు భేదము వరుసలలో నున్నది. మన మండలములోని ముత్యంపేట చక్కెర కర్మాగారము 2015లో మూతపడినది గాని, దాని వాకిట చెరకు బండ్లు బారులు తీరి వేచియుండుట పెద్దలందరు నెరిగినదే. గానుగ యెంత శక్తి గలదైనను ఒక్క వాకిలియే యున్నచో బండ్లు ఒకదాని వెనుక నొకటి వేచియుండవలసినదే. సాటాకు వాకిలి ఒక్కటే. దాని వరుసలో 32 కోరికలే నిలువగలవు. ఎన్.వి.ఎం.ఇ.కి 64 వేల వరకు వరుసలుండవచ్చును; ఒక్కొక్క వరుసలో 64 వేల కోరికలు నిలువవచ్చును. ఒకేమారు పలు పనులు నడుపు వర్క్‌స్టేషనునకు ఇందుచేతనే ఎన్.వి.ఎం.ఇ. తగినది. కాని యొక హెచ్చరిక: ఎం.2 అనునది ఆకారపు పేరే గాని వేగపు పేరు కాదు. ఆ ఆకారమున సాటావియు గలవు, ఎన్.వి.ఎం.ఇ.వియు గలవు. నాలుగవ తరముదానిని మూడవ తరపు గుంటలో పెట్టినచో అది మూడవ తరపు వేగముననే నడచును. బోర్డు పుస్తకమును చదువక కొనరాదు.

వేగముకంటె మేము హెచ్చుగా గమనింపుమని కోరునది ఫ్లాషు జాతి. ఒక్కొక్క గదిలో మూడు బిట్లు దాచునది టి.ఎల్.సి., నాలుగు బిట్లు దాచునది క్యు.ఎల్.సి. రెండవది చౌక. కాని దాని ముందరి వేగపు భాగము నిండిన పిదప వ్రాత వేగము మిక్కిలి పడిపోవును. కొన్నింటిలో పాత హార్డు డిస్కుకంటెను దిగజారును. పెట్టెపై వ్రాసిన పెద్ద అంకె ఆ మొదటి కొన్ని నిమిషములదే. చదువుటయే హెచ్చుగా నుండు పనికి క్యు.ఎల్.సి. చాలును, వ్రాయు పనికి టి.ఎల్.సి.యే కొనవలెను. ఇక ఎస్.ఎస్.డి. వ్రాసి వ్రాసి అరిగిపోవునను భయమును కొంత లెక్కతో పోగొట్టవచ్చును. ఒక టెరాబైటు టి.ఎల్.సి. ఎస్.ఎస్.డి.కి తయారుచేయువారు సాధారణముగా 600 టెరాబైట్ల వ్రాతకు హామీ యిత్తురు. దినమునకు 50 గిగాబైట్లు వ్రాసినను 12,000 దినములు, అనగా 32 సంవత్సరములకు పైగా పట్టును. అంతలో కంప్యూటరే పాతబడును. భయపడవలసినది అరుగుదలకు కాదు. హఠాత్తుగా చెడుటకును, వేడికిని, కరెంటు పోకలకును.

మన వేసవులు 45 డిగ్రీలు దాటుట క్రొత్త కాదు. వేగవంతమైన ఎస్.ఎస్.డి. తనంత తానే కాగును. వేడి హద్దు మీరగనే తన్ను తాను కాచుకొనుటకై వేగము తగ్గించుకొనును. రేకుల కప్పు క్రింద, గాలి ఆడని మూలలో ఐదవ తరపు ఎస్.ఎస్.డి.ని పెట్టి దాని వేగమును కోరుట, ఎండలో గుఱ్ఱమును కట్టి పరుగెత్తుమనుటయే. దానిపై అల్యూమినియపు పలకయు, పెట్టెలో గాలి పోవు దారియు ఉండవలెను. గాలివానకు కరెంటు పోయినపుడు సగము వ్రాసిన ఫైలు చెడవచ్చును. పెద్ద సర్వర్లకై చేసిన ఎస్.ఎస్.డి.లలో ఇట్టి సమయమునకై కెపాసిటర్లుండును, సాధారణమైనవానిలో ఉండవు. కావున ఐదవ తరపు వేగమునకు పెట్టు అదనపు సొమ్ముతో ఒక యు.పి.ఎస్. కొనుట మన పల్లెలకు ఉత్తమమని మా దృఢవిశ్వాసము.

ఇప్పుడు కాలము కూడ కొనువారికి అనుకూలముగా లేదు. కృత్రిమ మేధస్సు నడుపు మహాకేంద్రములు జ్ఞాపక చిప్పులను రాసులుగా కొనుటచే 2025 ఉత్తరార్ధమున ర్యామ్ ధరలు తీవ్రముగా పెరిగెను. ఆ సంవత్సరము డిసెంబరులో మైక్రాన్ సంస్థ సామాన్య జనులకై అమ్ముచుండిన క్రూషియల్ వ్యాపారమును విడుచుచున్నట్లు ప్రకటించెను. ధర పెరిగినపుడు మోసమును పెరుగును. 2 టెరాబైట్లని చీటీ అంటించి లోపల కొలదిపాటి చిప్పు పెట్టి అమ్ము పెన్‌డ్రైవులును డిస్కులును గలవు. నిండుగా వ్రాసి మరల చదివి సరిచూచు ఉచిత సాధనములు గలవు; కొన్న దినముననే వానితో పరీక్షింపవలెను. రసీదు లేనిదే, హామీ కాగితము లేనిదే ఏదియు కొనరాదు.

మా మాటలకు రెండు ఆక్షేపణలు రావచ్చును. "మాటిమాటికి కొనలేము గనుక ఒకేమారు అన్నింటికంటె గొప్పది కొనిన పదేండ్లు పనికివచ్చును గదా" అని కొందరందురు. ఈ మాటలో కొంత న్యాయమున్నది. కాని పదేండ్లు నిలుచుట గొప్ప వేగమువలన కాదు, పెంచుకొను వీలువలన. ఒక ర్యామ్ గుంటయు, ఒక ఎం.2 గుంటయు ఖాళీగా నుంచిన మధ్యరకపు యంత్రము, పెంచుటకు వీలులేని గొప్ప యంత్రముకంటె ఎక్కువ కాలము సేవ చేయును. మరికొందరు "పల్లె పిల్లలకు వర్క్‌స్టేషను లెందుకు, సెల్‌ఫోను చాలదా" యందురు. సెల్‌ఫోను చూచుటకు చాలును, చేయుటకు చాలదు. సిరిసిల్ల చీర నమూనాను గీయుటకు, ఒక యంత్రభాగమును రూపించుటకు, తన ఊరి పెద్దల పాటలను శుభ్రపరచి దాచుటకు నిలుకడ గల కంప్యూటరు కావలెను. మన పిల్లలు ఇతరులు చేసినదానిని చూచువారుగానే మిగిలిపోవుట మాకు సమ్మతము కాదు.

చివరగా, అన్నింటికంటె ముఖ్యమైన మాట. గల్ఫునుండి వచ్చిన నాన్న ఫోటోలు, అక్క పెండ్లి చిత్రములు, మూడేండ్ల ప్రాజెక్టు, ఇవన్నియు ఒకే ఎస్.ఎస్.డి.లో నుంచి నిశ్చింతగా నుండువారున్నారు. హార్డు డిస్కు చెడుటకు ముందు కొన్నిమార్లు చప్పుడు చేయును, ఎస్.ఎస్.డి. చప్పుడు లేకయే చెడవచ్చును, అందలిదానిని మరల తీయుట మిక్కిలి కష్టము. బీరువాలో పెట్టి మరచుటయు క్షేమము కాదు. వ్రాతశక్తి తీరిన సాధారణ ఎస్.ఎస్.డి., కరెంటు లేక 30 డిగ్రీల వేడిమిలో ఒక సంవత్సరము దాచగలిగిన చాలునని జెడెక్ ప్రమాణము చెప్పుచున్నది. వేడి హెచ్చినకొలది ఆ గడువు తరుగును. క్రొత్తది అంతకంటె ఎక్కువ కాలమే దాచును గాని, దానిని శాశ్వతమైన పెట్టెయని నమ్మరాదు. మూడు ప్రతులు, రెండు రకముల సాధనములపై, అందొకటి మరియొక ఇంట నుండవలెనను నియమము లోకప్రసిద్ధము. దీనికి చౌకయైన వెలుపలి హార్డు డిస్కే చాలును. వేగము లేకున్నను దోషము లేదు. అది పరుగెత్తుటకు కాదు, కాచుటకు.

కావున తలిదండ్రులకు మా విన్నపము: అంగడికి పోకముందు పిల్లవాడు చేయబోవు పనిని ఒక కాగితముపై వ్రాయింపుడు. ఆ పనికి కావలసిన ర్యామ్, దానికి తగిన టి.ఎల్.సి. ఎస్.ఎస్.డి., ఒక యు.పి.ఎస్., ఒక వెలుపలి డిస్కు, ఈ నాలుగింటికి ధర వేయింపుడు. మిగిలినచోనే వేగమును గూర్చి యోచింపుడు. ఉపాధ్యాయులకు మా విన్నపము: పాఠశాల కంప్యూటరు గదిలో ఒక యంత్రమును తెరచి, ఇది ర్యామ్, ఇది ఎస్.ఎస్.డి. యని ప్రతి తరగతికిని ఏటికొక్కమారైనను చూపుడు. విద్యార్థులారా, మీకు మా మాట యిది: గొప్ప యంత్రము గలవాడు గొప్ప పనివాడు కాడు, తన పనిని ఎరిగి, దానికి చాలినంత కొని, చేసినదానిని పోగొట్టుకొనక దాచుకొనువాడే నేర్పరి. మీ తలిదండ్రుల కష్టార్జితము మీ చేతులలో సఫలమగుగాక.